అద్దె ఇంట్లో కరెంటు: "జివ్వుమంది" అంటే ఊరుకోకండి

వానాకాలంలో ఒక సాయంత్రం మా క్యాజువాలిటీకి ఒక తల్లిని తీసుకొచ్చారు. ఇనుప దండెం మీద తడి బట్టలు ఆరవేస్తుండగా షాక్ కొట్టింది. దేవుని దయవల్ల ఆమె బతికింది. చేతి గాయం మానడానికి మాత్రం నెలలు పట్టింది. ఆమె భర్త నాతో అన్న మాట ఇప్పటికీ మరచిపోలేను. "సిస్టర్, దండెం ముట్టుకుంటే జివ్వుమంటోందని వారం నుంచి చెబుతూనే ఉంది. ఓనరుకు చెబితే ఇల్లు ఖాళీ చేయమంటాడేమోనని ఊరుకున్నాను."

ఆ భయంతో ఊరుకునే కుటుంబాల కోసమే ఈ నాలుగు మాటలు.

ఎందుకు జివ్వుమంటుంది?

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. వైరు మీది తొడుగు ఎండకు పగిలినా, ఎలుక కొరికినా, కిటికీ ఊచకు ఒరుసుకున్నా కరెంటు బయటి ఇనుములోకి వస్తుంది. అది కూలరు, ఫ్రిజ్, గ్రైండరు, మోటారు, దండెం ఏదైనా కావచ్చు. వస్తువుకు ఎర్తింగ్ ఉంటే కరెంటు ఆ వైరు గుండా భూమిలోకి పోతుంది. లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. పొడి చేతికి, కాలికి చెప్పులున్నప్పుడు జివ్వుమని వదిలిన కరెంటే, తడి చేతితో వట్టి కాళ్లతో ముట్టుకుంటే ప్రాణం తీయగలదు.

"ఫ్యూజు ఉంది కదా" అంటారు చాలామంది. ఫ్యూజు, ఎం.సి.బి. కాపాడేది వైరును, మనిషిని కాదు. 6 ఆంపియర్ల ఎం.సి.బి. అంతకు మించి కరెంటు లాగితే గాని పడదు. గుండె లయ తప్పడానికి అందులో వందో వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే స్విచ్. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకొకసారి నొక్కండి. స్విచ్ పడిపోతే బాగున్నట్టు.

ఇంట్లో ఇవి చూసుకోండి

1. మెయిన్ స్విచ్ ఎక్కడుందో పిల్లలతో సహా అందరికీ చూపించండి. అది ఓనరు వాటాలో ఉంటే ఆ తలుపుకు తాళం వేయవద్దని చెప్పండి.

2. త్రీ పిన్ ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్త్ కోసం. దాన్ని విరిచి టూ పిన్‌లో పెట్టకండి. సాకెట్టుకు నిజంగా ఎర్త్ వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

3. ఇనుప తీగ దండెం తీసేసి నైలాన్ తాడు కట్టండి.

4. 1500 వాట్ల హీటరు రాడ్‌కు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలదు, 16 ఆంపియర్లది వాడండి. ప్లగ్గు ఊడదీశాకే బకెట్టులో చెయ్యి పెట్టండి.

5. ఫ్యూజు పోతే మందపాటి తీగ చుట్టకండి.

ఓనరుతో ఎలా చెప్పాలి?

పోట్లాట వద్దు. పిలిచి చూపించండి, ఫోనులో మెసేజ్ కూడా పెట్టండి. "ఖర్చు మేం పెడతాం, అద్దెలో తగ్గించుకోండి" అని అడిగి చూడండి. బాగయ్యే వరకు ఆ లైను ఆపి ఉంచండి. లోపం స్తంభం దగ్గరైతే 1912కు ఫోను చేయండి.

ఇంటి యజమానులకూ ఒక మాట. కొత్త ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టించాలని, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటి మీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఈ రోజుల్లో ఎర్తింగ్ కూడా అలాంటి పిట్టగోడే.

షాక్ కొడితే

* మనిషిని ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో విడదీయండి.

* స్పృహ, ఊపిరి లేకపోతే 108కు ఫోను చేయించి, రొమ్ము మధ్యలో రెండు అరచేతులతో రెండు అంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. అంబులెన్సు వచ్చే వరకు ఆపకండి.

* నీళ్లు తాగించడం, ఇసుకలో పూడ్చడం చేయకండి. విలువైన నిమిషాలు పోతాయి.

* పైకి చిన్న గాయమే కనిపించినా లోపల కండ కాలి ఉండవచ్చు. మూత్రం ముదురు రంగులో వస్తే కిడ్నీలకు ప్రమాదం. అందుకే లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తెచ్చి ఇ.సి.జి. తీయించండి.

ఆ తల్లి డిశ్చార్జ్ అయ్యే రోజు ఓనరు కూడా చూడటానికి వచ్చాడు. "ముందే ఒక్క మాట చెబితే ఆ రోజే బాగు చేయించేవాణ్ణి కదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట మీరు ఇవాళే చెప్పండి. దేవుడు మీ ఇంటిల్లిపాదినీ కాపాడును గాక.