హోర్డింగ్ డిజార్డర్

పనికిరాని వస్తువునైనా వదులుకోలేకపోవడం, పారేయాలంటేనే గుండె దడ పుట్టడం, పోగైన సామానుతో వంటిల్లు వంటకూ పడగ్గది పడకకూ పనికిరాకుండా పోవడం... ఈ మానసిక సమస్యే హోర్డింగ్ డిజార్డర్. చాలాకాలం దీన్ని ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) లక్షణాల్లో ఒకటిగా చూశారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథమైన డీఎస్ఎం-5లో దీన్ని విడి రుగ్మతగా చేర్చింది.

అటక మీద ఇత్తడి బిందెలు, ఖాళీ స్వీటు డబ్బాలు దాచుకున్న ప్రతి అమ్మమ్మకూ ఈ జబ్బు అంటగట్టడం అన్యాయం. లేమిని చూసిన తరం జాగ్రత్త అది. మంచం నిండా మూటలుండి మనిషి కుర్చీలో నిద్రపోతున్నా, పొయ్యి పక్కన పేరుకున్న పాత పేపర్లను తాకనివ్వకపోయినా అప్పుడు ఆలోచించాలి. న్యూయార్క్‌లో కోలియర్ అనే ఇద్దరు సోదరులు 1947లో తాము పోగేసిన సామాను మధ్యే చనిపోయారు. ఆ ఇంట్లోంచి 100 టన్నులకు పైగా చెత్త తీశారు.

ఇలా సామాను పోగేసే పెద్దాయన ఊరెళ్లినప్పుడు ఆటో పిలిచి అంతా పాత సామాన్లవాడికి వేసేయడం, భోగిమంటలో పడేయడం మన ఇళ్లలో మామూలే. దయచేసి అలా చేయొద్దు. ఇంట్లోవాళ్ల మీద నమ్మకం పోతుంది, ఇల్లు మళ్లీ నిండుతుంది. దానికి బదులు, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ మేలు చేస్తుంది. ఇవాళ ఒక్క అర, రేపు ఒక్క డబ్బా; ఏది ఉంచాలో తేల్చాల్సింది ఆయనే. కొత్తవి తేవడం తగ్గించుకోవడమూ చికిత్సలో భాగమే. కుంగుబాటు తోడైతే దానికీ వైద్యం అవసరం. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు.