దీర్ఘకాలిక వ్యాధి – స్నేహ సంబంధాలు

పరిచయం

జ్వరం వస్తే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. స్నేహితులు పళ్ళు తెచ్చి పలకరించి వెళ్తారు. దీర్ఘకాలిక వ్యాధి అలా కాదు. వ్యాధి ఏళ్ళ తరబడి ఉంటుంది, పరామర్శలు మాత్రం కొన్ని వారాల్లో ఆగిపోతాయి. ఆ తర్వాత స్నేహాన్ని ఎలా నిలుపుకోవాలి? డయాలసిస్ ఉదాహరణతో తెలుసుకుందాం.

దైనందిన జీవితంలో మార్పులు

మూత్రపిండాలు విఫలమైన వ్యక్తికి సాధారణంగా వారానికి 3 సార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటలపాటు హీమోడయాలసిస్ చేస్తారు. ప్రయాణం, నీరసం కలిపితే ఆ రోజంతా దానికే సరిపోతుంది. నీరు, ఉప్పు, పొటాషియం విషయంలో పరిమితులుంటాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎక్కువన్న సంగతి మీరు వినే ఉంటారు. అది కొబ్బరితోటల సీమ. ఇంటికొచ్చినవారికి ప్రేమగా బొండాం కొట్టి ఇస్తారు. కానీ కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దాన్ని బయటకు పంపలేకపోతే గుండె లయ దెబ్బతినవచ్చు. అందుకే రోగి వద్దనవలసి వస్తుంది. కారణం చెప్పకపోతే ఇచ్చినవారు చిన్నబుచ్చుకుంటారు. వద్దన్నది బొండాన్నే గాని స్నేహాన్ని కాదని వారికి తెలియాలి.

దూరం ఎలా పెరుగుతుంది?

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త కాథీ చార్మాజ్ 1983లో ప్రచురించిన వ్యాసంలో దీర్ఘరోగుల బాధకు నాలుగు మూలాలను గుర్తించారు: పరిమితమైన జీవితం, ఒంటరితనం, చులకన కావడం, ఇతరులకు భారమవడం. చివరిదాన్ని నేను దగ్గరగా చూశాను.

నా సహాధ్యాపకుడొకరు డయాలసిస్ మొదలయ్యాక ఆదివారం చదరంగానికి రావడం మానేశారు. ఇబ్బంది పెట్టకూడదని నేను పిలవలేదు. తనతో పని తీరిపోయిందని ఆయన అనుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత ఒక పెళ్ళిలో కనబడి, “ఒక్క ఫోనైనా చేయలేదేమండీ?” అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఆయన డయాలసిస్ మంచం మీద ఉన్న గంటల్లోనే ఫోనులో ఎత్తులు చెప్పుకుంటూ ఆడాం. మా ఇద్దరినీ దూరం చేసింది వ్యాధి కాదు, అడగకుండానే చేసుకున్న ఊహలు.

మీరు రోగి అయితే

1. “ఒంట్లో బాగోలేదు” అని ఊరుకోకుండా, “మంగళ, గురు, శనివారాలు కుదరదు, ఆదివారం ఉదయం గంటసేపు కూర్చోగలను” అని స్పష్టంగా చెప్పండి.
2. రాలేనప్పుడు మరో రోజును మీరే సూచించండి.
3. అందరికీ అన్నీ చెప్పనక్కరలేదు. నమ్మకమైన ఇద్దరు ముగ్గురు చాలు.
4. వారి కష్టసుఖాలు కూడా అడగండి. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నంతకాలం మీరు భారం కారు.

మీరు స్నేహితులైతే

1. పిలవడం మానకండి. రావాలో వద్దో వారే నిర్ణయించుకుంటారు.
2. “ఏదైనా కావాలంటే చెప్పు” అనేకంటే “గురువారం ఆసుపత్రికి నా బండి మీద తీసుకెళ్తాను” అనండి.
3. పసరు మందులు సూచించకండి. కొన్ని మూలికలు మూత్రపిండాలకే హాని చేస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చార్మాజ్ గుర్తించిన నాలుగు మూలాలేవి?
2. అనారోగ్యం వల్ల మీకు దూరమైన స్నేహితులెవరైనా ఉన్నారా? వారు ఎందుకు దూరమయ్యారని మీరు ఊహించారో రాయండి. తర్వాత ఫోను చేసి, అసలు కారణం అడిగి, రెండింటినీ పోల్చండి.