ఏసీ కొంటున్నారా? ముందు కరెంటు బిల్లులో లోడు చూసుకోండి

ఎండలు ముదిరాక ఏసీ కొని, మర్నాడే బిగించేయమనడం చాలా ఇళ్లలో జరిగేదే. కానీ ఇల్లు అందుకు సిద్ధంగా లేకపోతే వైర్లు వేడెక్కుతాయి, ఫ్యూజులు పోతాయి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీదా భారం పడుతుంది. బిగించే ముందు చూసుకోవాల్సినవి ఇవీ.

ఏసీ ఏం చేస్తుంది?

ఏసీ కూడా ఒక రకం హీట్ పంపే. మోటారు నీళ్లు తోడినట్టు, ఇది గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. చలి దేశాల్లో ఇదే సూత్రంతో బయటి వేడిని ఇంట్లోకి తెచ్చుకుంటారు. 1.5 టన్నుల ఏసీ సుమారు 5 కిలోవాట్ల వేడిని బయటికి పంపడానికి దాదాపు 1.5 కిలోవాట్ల కరెంటు తీసుకుంటుంది.

మీ లోడు ఎంత?

బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు ఎంతుందో చూడండి. నాలుగు ఫ్యాన్లు, లైట్లు, టీవీ, ఫ్రిజ్, 1 హెచ్‌పీ మోటారు కలిపితేనే దాదాపు 1.5 కిలోవాట్లు. ఏసీ చేరితే 3 కిలోవాట్లు. బిల్లులో 1 అనో 2 అనో ఉంటే అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోవాలి. వీధిలో ఎంత లోడుందో డిస్కంకు తెలిసేది ఈ లెక్కల వల్లే. చెప్పకుండా వాడే ఏసీలు పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం చాలదు.

మండవల్లి, కైకలూరు ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరును బట్టి డిస్కంను ఊహించుకోవద్దు, బిల్లు మీద ఉన్న డిస్కంనే సంప్రదించండి. సందేహాలుంటే 1912కు ఫోన్ చేయొచ్చు.

వైరింగ్ మాటేమిటి?

ఏసీకి బోర్డు నుంచి విడిగా లైను లాగించాలి. 1.5 టన్నులకు సాధారణంగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, విడి ఎంసీబీ వాడతారు. ఫ్యాను ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో నడపొద్దు. పాత ఇల్లయితే ఎర్తింగ్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ లేకపోతే ఇప్పుడే పెట్టించుకోండి.

బయటి యూనిట్ ఎక్కడ?

నీడ, గాలి ఉన్న చోట పెట్టాలి. ఇరుకు సందులో పెడితే వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది. కొల్లేటి లంక గ్రామాల్లాంటి ముంపు ప్రాంతాల్లో నేల మీద కాకుండా వరద నీరు అందని ఎత్తులో బిగించాలి. గాలిలో తేమ ఎక్కువ గనుక ఏసీ నుంచి నీళ్లు బాగా వస్తాయి. డ్రెయిన్ పైపు గోడ మీదికో, పక్కింటి వైపుకో పోకుండా చూడండి. కొత్త ఏసీల్లో చాలావాటిలో ఉండే ఆర్-32 గ్యాసుకు మండే గుణం కొంత ఉంది. అందుకే శిక్షణ ఉన్న టెక్నీషియన్‌తోనే బిగించుకోవాలి.

బిల్లు ఎంత పెరుగుతుంది?

నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి, 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన స్లాబుల ప్రకారం ఎనర్జీ ఛార్జీ రూ.567. రోజుకు 8 గంటలు ఏసీ వేసి, గంటకు సగటున 1 యూనిట్ చొప్పున కాలిందనుకుంటే నెలకు 240 యూనిట్లు పెరుగుతాయి. మొత్తం 390 యూనిట్లకు ఛార్జీ సుమారు రూ.2,461. వాడకం రెండున్నర రెట్లు పెరిగితే బిల్లు నాలుగు రెట్లు దాటడానికి కారణం, 225 దాటాక యూనిట్ రూ.8.75 కావడమే. స్థిర ఛార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు దీనికి అదనం.

అందుకే కిటికీల సందులు మూయించండి, డాబాపై తెల్ల రంగు వేయించండి. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచి, ఫ్యాను కూడా తిప్పండి. ఇవి చేస్తే 1.5 టన్నులు అనుకున్న చిన్న గదికి 1 టన్నే సరిపోవచ్చు. కొనేముందే లెక్క వేసుకుంటే ఆ మేరకు ధరా, నెలనెలా బిల్లూ తగ్గుతాయి.