కొండ మీద కొట్టిన బంతి ఎంత దూరం వెళ్తుంది?

2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని నాపాలో జరిగిన గోల్ఫ్ పోటీ ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌ను సాహిత్ తీగల గెలిచాడు. అమెరికాలో పుట్టి పెరిగినా అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వెళ్లినవారే. అమెరికా వృత్తి గోల్ఫర్ల పీజీఏ టూర్‌లో అతనికి అదే తొలి గెలుపు. ఆ ఆట టీవీలో చూసిన తెలుగువాళ్లకు సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. అంత చిన్న బంతి, అంత సన్నని కర్ర, మూడు వందల గజాల దూరం. అది ఎలా సాధ్యం?

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి వారి విషయంలో ఈ ప్రశ్నకు ఇంకో ముడి కూడా ఉంది. కోరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. రాయగడ ఎత్తు రెండు వందల మీటర్ల చిల్లర. ఘాట్ దిగి విశాఖపట్నం చేరితే ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. అక్కడికి సముద్రం దగ్గరే. ఒకే మనిషి, ఒకే బంతి, ఒకే దెబ్బ అయినా ఈ మూడు చోట్లా దూరం ఒకటిగా ఉండదు. ఎందుకో తెలియాలంటే ముందు దెబ్బ సంగతి తెలియాలి.

డ్రైవర్ అంటే గోల్ఫ్ సంచిలో అన్నిటికంటే పొడవైన కర్ర. ఆట మొదలుపెట్టే చోట టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) మీద బంతి పెట్టి దీనితో కొడతారు. తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదని నియమం. నేటి డ్రైవర్ల తలలు ఎక్కువగా టైటానియంతో చేసిన బోలు తలలు. లోపల ఖాళీ, ముందు ముఖం అనే పలుచని రేకు. బంతి బరువు 46 గ్రాములకు మించదు.

డ్రైవర్ ముఖం బంతిని తాకేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు సేపు. బంతి భవిష్యత్తు అంతా ఆ క్షణంలోనే తేలిపోతుంది. అప్పుడు మూడు సంగతులు నిర్ణయమవుతాయి. బంతి ఎంత వేగంతో బయల్దేరింది, ఎంత కోణంలో పైకి లేచింది, ఎంతగా వెనక్కి తిరుగుతోంది. గాలి తన పని తాను చేసుకుపోతుంది. మన చేతిలో ఉన్నవి ఈ మూడే.

ముందు వేగం సంగతి. పీజీఏ టూర్ ఆటగాళ్ల డ్రైవర్ సగటున గంటకు 185 కిలోమీటర్ల దగ్గర తిరుగుతుంది. సరదాగా ఆడే మగవారిది 150 దగ్గర. ముఖం నడిమధ్యన తగిలితే బంతి, కర్ర వేగానికి ఒకటిన్నర రెట్లు వేగంతో బయల్దేరుతుంది. అంటే 150కి 225. అదే దెబ్బ పక్కకు తగిలి ఆ నిష్పత్తి 1.4కి పడిపోతే బంతి వేగం 210 అవుతుంది. అక్కడికక్కడే పదిహేను, ఇరవై గజాలు పోయినట్టే. కండబలం ఏమీ తగ్గలేదు, తగిలిన చోటు మారింది, అంతే. అందుకే కొత్తగా నేర్చుకునేవారు వేగం పెంచే ముందు బంతి ఎక్కడ తగులుతోందో చూసుకోవాలి. దానికి యంత్రాలేమీ అక్కర్లేదు. డ్రైవర్ ముఖం మీద కాస్త టాల్కం పౌడర్ అద్ది కొడితే బంతి తాకిన చోట గుండ్రని మచ్చ పడుతుంది. పది దెబ్బలు కొట్టి, ఒక్కో దెబ్బకూ పౌడర్ తుడిచి మళ్లీ అద్దుతూ పోతే మన అలవాటు కళ్లకు కడుతుంది. మచ్చలన్నీ మడమ వైపు (కర్ర తలకు అతుక్కున్న వైపు) పడుతుంటే బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నామేమో చూసుకోవాలి.

ఇక వేగం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. చేతులతో గట్టిగా కొడితే వేగం వస్తుందనుకుంటారు. చాకిరేవులో బట్టలు ఉతికే మనిషిని గమనించండి. ముందు కాలు నేలను తొక్కుతుంది, నడుము తిరుగుతుంది, భుజం వస్తుంది, చేతులు దిగుతాయి, చివరికి బట్ట కొస బండను తాకుతుంది. అన్నిటికంటే వేగం ఆ కొసదే. గోల్ఫ్ దెబ్బలోనూ వరుస అదే. కర్రను పైకి ఎత్తినప్పుడు ఒంటి బరువు కుడికాలి మీదకు వస్తుంది (కుడిచేతి వాటం వారి సంగతి చెబుతున్నాను). కిందికి దించడం ఎడమ పాదం నేలను నొక్కడంతో మొదలవ్వాలి. తర్వాత తుంటి, ఆ తర్వాత ఛాతీ, ఆ తర్వాత చేతులు, ఆఖరున కర్ర. ఒక భాగం నెమ్మదిస్తుండగా దాని వేగం తర్వాతి భాగానికి అందుతుంది. బంతి తాకే వేళకు ఎడమకాలు నిటారవుతూ నేలను కిందికి తన్నుతుంది. నేల తిరిగి పైకి నెడుతుంది. ఆ నెట్టు కూడా కర్ర కొసకే చేరుతుంది.

వరుస తప్పి భుజాలు, చేతులు ముందే కదిలితే కర్ర బయటి నుంచి లోపలికి అడ్డంగా వస్తుంది. ముఖం తెరుచుకుని ఉంటే బంతి కుడివైపుకు ఒంపు తిరిగిపోతుంది. దీన్నే స్లైస్ అంటారు. నేర్చుకునేవారిలో సగానికి సగం తిప్పలు దీనివల్లే అని నా అభిప్రాయం. స్లైస్‌లో దిక్కు ఒక్కటే చెడదు, దూరం కూడా పోతుంది. పిడికిలి బిగించి పట్టుకోవడం ఈ రోగాన్ని ఇంకా పెంచుతుంది. మణికట్టు బిగుసుకుంటే కర్ర చివరి విసురు రాదు.

రెండోది కోణం. మిగతా కర్రలతో నేల మీది బంతిని కొంచెం కిందికి దిగుతూ కొట్టాలి. డ్రైవర్‌తో అలా కొట్టకూడదు. బంతి టీ మీద ఉంది గనుక, కర్ర అట్టడుగు దాటి పైకి లేస్తున్నప్పుడు తగలాలి. 145 కిలోమీటర్ల వేగంతో కొట్టే మనిషి ఐదు డిగ్రీలు కిందికి కొట్టడానికీ, ఐదు డిగ్రీలు పైకి కొట్టడానికీ మధ్య తేడా పాతిక గజాల పైనే. అదనపు బలం ఒక్క పిసరు కూడా లేకుండా వచ్చే దూరం ఇది. ఇందుకు చేయాల్సినవి చిన్న మార్పులు. బంతిని ఎడమ మడమకు ఎదురుగా పెట్టండి. డ్రైవర్‌ను నేల మీద ఆనిస్తే బంతిలో సగం దాని తల పైన కనిపించేంత ఎత్తుకు టీ ఉంచండి. నిలబడినప్పుడు కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి ఉండనివ్వండి.

మూడోది తిరుగుడు. బంతి వెనక్కి తిరుగుతూ వెళ్తే దాని పైన గాలి వేగంగా జారి, బంతికి పైకి ఎత్తే బలం వస్తుంది. బంతి ఒంటి మీది చిన్న గుంటలు గాలిని అంటిపెట్టుకునేలా చేసి, వెనక్కి లాగే బలాన్ని తగ్గిస్తాయి. నున్నటి బంతి దాదాపు సగం దూరమే పోతుంది. అయితే తిరుగుడు మితిమీరితే బంతి ఆకాశానికి ఎగిరి అక్కడే కూలబడుతుంది. కిందికి కొట్టేవారికి, స్లైస్ కొట్టేవారికి జరిగేది ఇదే.

ఇప్పుడు కోరాపుట్ సంగతికి వద్దాం. 870 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత (ఒక ఘన మీటరులో ఉండే గాలి బరువు) సముద్ర తీరం కంటే సుమారు ఎనిమిది శాతం తక్కువ. దగ్గర్లోని సునాబెడ హెచ్‌ఏఎల్‌ కర్మాగారంలో విమాన ఇంజిన్ల మీద పనిచేసేవారికి ఈ లెక్క కొత్తేమీ కాదు. గాలి పలచబడితే బంతిని వెనక్కి లాగే బలం తగ్గుతుంది. మరి దూరం కూడా ఎనిమిది శాతం పెరగాలి కదా అనిపిస్తుంది. పెరగదు. బంతిని పైకి ఎత్తేది కూడా ఆ గాలే. లాగుడుతో పాటు ఎత్తుడూ తగ్గుతుంది. రెండూ పోను మిగిలే లాభం మూడు శాతం దగ్గర. విశాఖలో రెండు వందల గజాలు పోయే బంతి కోరాపుట్‌లో ఇంకో ఆరేడు గజాలు పోతుంది. రాయగడలో ఒకటి రెండు గజాలకు మించదు. వేసవి వేడికీ గాలి పలచబడుతుంది. తేమ గాలి బరువని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పొడి గాలి కంటే కాస్త తేలిక.

గాలి పలచగా ఉన్నచోట స్లైస్ ఒంపు కూడా కొంత తగ్గుతుంది. అంటే కొండ మీద దూరం కాస్త పెరిగి, తప్పు కాస్త తక్కువగా కనిపిస్తుంది. అక్కడ సాధన చేసి విశాఖ వచ్చి ఆడేవారికి బంతి ఉన్నట్టుండి దగ్గర్లోనే పడి, మరింత కుడికి పోయినట్టు అనిపించవచ్చు. ఆట చెడిందని బెంగపడి స్వింగ్ (కర్ర తిప్పే తీరు) మార్చేసుకోవద్దు. ఎక్కడున్నా మారనిది పౌడర్ మీది మచ్చ. దాన్ని చూసే నిర్ణయించుకోండి.

టీవీలో చూసిన స్వింగ్‌ను మక్కీకి మక్కీ దించాలనుకోవడం కూడా మంచిది కాదు. సాహిత్‌కు స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు ఒంపు తిరగడం) ఉంది. అతని స్వింగ్ అతని ఒంటికి తగ్గట్టు ఏర్పడినది. వరుస, తగిలే చోటు, పైకి లేచే దారి అందరికీ ఒకటే. ఆకారం ఎవరిది వారిదే. నడుం నొప్పి ఉన్నవారు వేగం పెంచే సాధనకు ముందు డాక్టర్‌ను అడగాలి.

బంతులు మరీ దూరం పోతున్నాయని, వాటి దూరాన్ని కొంత తగ్గించే కొత్త పరీక్షను గోల్ఫ్ నియమాలు రాసే సంస్థలు 2023 డిసెంబర్‌లో ప్రకటించాయి. ఆ ప్రకటన ప్రకారం మామూలు ఆటగాళ్లకు అది 2030లో వర్తిస్తుంది. దానివల్ల వారికి తగ్గేది ఐదు గజాల లోపేనని ఆ సంస్థల అంచనా. టీ ఎత్తు, బంతి పెట్టే చోటు సరిచేసుకున్న మనిషికి అంతకంటే ఎక్కువే కలిసొస్తుంది.