మానసిక ఆరోగ్య ప్రశ్నావళుల తెలుగు అనుసరణ: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత భాషా నేపథ్యం

1. ఉపోద్ఘాతం

కుంగుబాటును గుర్తించే ప్రశ్నావళిలో భాషే కొలమానం. ఇందుకు విస్తృతంగా వాడుతున్న పీహెచ్‌క్యూ-9ను క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ 2001లో ప్రచురించారు. గత రెండు వారాల స్థితిపై ఇందులో 9 ప్రశ్నలుంటాయి. ఒక్కో జవాబుకు 0 నుంచి 3 వరకు, మొత్తం 27 మార్కులు. 10 లేదా అంతకు మించితే వైద్యుని పరిశీలన అవసరమని సాధారణంగా భావిస్తారు. రెండు ప్రశ్నలు తప్పుగా అర్థమైనా సహాయం అవసరమైన వ్యక్తి ఈ గీతకు దిగువన మిగిలిపోవచ్చు. కాబట్టి ప్రశ్నావళి అనువాదం భాషాశాస్త్రం కూడా పరిశీలించవలసిన విషయం.

2. అనువాదం, అనుసరణ

మూలం నుంచి తెలుగులోకి వచ్చిన పాఠాన్ని వేరొకరు తిరిగి ఆంగ్లంలోకి మార్చి మూలంతో పోల్చే పద్ధతిని 1970లో బ్రిస్లిన్ వివరించారు. ఇది అర్థలోపాలను పట్టిస్తుంది. అయితే గ్రాంథిక పదాలతో చేసిన అనువాదం కూడా ఈ పరీక్షలో నెగ్గగలదు. తిరిగి అనువదించేవారు విద్యావంతులు. జవాబు చెప్పేవారు అందరూ అలాంటివారు కారు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే ప్రక్రియలో నిపుణుల సమీక్ష, ప్రజలతో ముందస్తు పరీక్ష కూడా భాగాలు. ప్రశ్న విన్నవారు దానిని తమ మాటల్లో ఎలా చెబుతున్నారో ఈ దశలో తెలుస్తుంది.

జింబాబ్వేలో విక్రమ్ పటేల్, సహచరులు భిన్నమైన మార్గం అనుసరించారు. షోనా ప్రజలు తమ బాధను చెప్పుకొనే మాటల నుంచే 14 ప్రశ్నల పట్టికను రూపొందించి 1997లో ప్రచురించారు. ‘అతిగా ఆలోచించడం’ అనే అర్థమిచ్చే ‘కుఫుంగిసిస’ అందులో ముఖ్యమైన భావన.

3. ప్రాంతీయ పదజాలం

పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ పథకం కింద ఆశా కార్యకర్తలు ట్యాబ్‌ల సాయంతో పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 ప్రశ్నలు అడిగారు. కోస్తాలో వాడిన పాఠం కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోనూ అలాగే పనిచేస్తుందని ముందే అనుకోలేము. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో తెలుగు కన్నడంతోనూ ఉర్దూతోనూ నిత్య సంపర్కంలో ఉంది. ‘బేజారు’ అనే మాట విసుగు, నిరాసక్తత, విచారం మూడింటికీ చెల్లుతుంది. పీహెచ్‌క్యూ-9లో ఆసక్తి తగ్గడం మొదటి ప్రశ్న, దిగాలు రెండవది. రెండింటికీ ‘బేజారు’ వాడితే ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగినట్లవుతుంది. ‘దిగులు’లో విచారంతో పాటు భయం, బెంగ కూడా ఉన్నాయి. కుంగుబాటును, ఆందోళనను విడిగా కొలవదలచినప్పుడు ఈ పదం వాటిని కలిపివేస్తుంది. ‘కుంగుబాటు’ పత్రికల్లో స్థిరపడినా ఇంటి సంభాషణలో దాని వాడుక తక్కువ.

4. ‘లేదు’ అనే జవాబు

వ్యతిరేకార్థక ప్రశ్నల్లో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. ‘నిద్ర పట్టడం లేదా?’ అన్నప్పుడు ‘లేదు’ అంటే సాధారణంగా నిద్ర పట్టడం లేదనే అర్థం. ‘లేదు, బాగానే పడుతోంది’ అనడమూ ఉంది. జవాబు రాసుకొనేవారు ‘లేదు’ను లక్షణం లేదని భావించి సున్న వేస్తే ఫలితం తారుమారవుతుంది. ‘నిద్ర సరిగా పట్టని రాత్రులు ఎన్ని?’ అని సంఖ్యను కోరే నిర్మాణం ఈ సందిగ్ధతను తొలగిస్తుంది.

5. అనుభవ సమానత్వం

ఏకాగ్రతకు మూల ప్రశ్నావళి ఇచ్చే ఉదాహరణలు పత్రిక చదవడం, టెలివిజన్ చూడడం. ఎమ్మిగనూరు చేనేత కార్మికునికి మగ్గంపై తెగిన పోగును గమనించలేకపోవడం దగ్గరి ఉదాహరణ. అయితే ఉదాహరణ మారితే ప్రశ్న కష్టస్థాయి మారవచ్చు. దానిని మళ్ళీ పరీక్షించాలి. ఆకలి గురించిన ప్రశ్నలో తినాలనిపించకపోవడాన్ని, తిండి చాలకపోవడాన్ని, రంజాన్ ఉపవాసాన్ని వేరుచేయాలి. కన్నడంలో కోతల కాలాన్ని సూచించే ‘సుగ్గి’ ఇక్కడ గుంటూరు వంటి ప్రాంతాలకు కూలికి వలస వెళ్ళడాన్ని సూచిస్తుంది. సుగ్గి నెలల్లో సర్వే చేస్తే ఊళ్ళో మిగిలిన వృద్ధులే ఎక్కువగా నమోదవుతారు. కూలి పనుల అలసట అనుభవిస్తున్నవారు లెక్కలోకి రారు.

6. తొమ్మిదవ ప్రశ్న

చివరి ప్రశ్న మరణం, ఆత్మహానికి సంబంధించిన ఆలోచనల గురించినది. ‘దేవుడు తీసుకపోతే బాగుండు’ అనే మాట వృద్ధుల నోట వాడుకగానూ వినిపిస్తుంది, నిజమైన నిరాశగానూ వెలువడుతుంది. సంకోచంతో ప్రశ్నను మెత్తబరిస్తే ఈ తేడా తెలియదు. ప్రశ్నను సూటిగా, ఏకాంతంలో అడగాలి. అత్తగారు, భర్త ఎదుట కోడలు నిజం చెప్పడం కష్టం. అవునన్న వ్యక్తిని ఎవరి వద్దకు పంపాలో నిశ్చయించుకోకుండా ఈ ప్రశ్న అడగడం నైతికం కాదు.

7. ముగింపు

అనుసరణ పూర్తయిన పాఠాన్ని వైద్యుల నిర్ధారణతో పోల్చి, 10 అనే గీత ఈ జనాభాకు సరిపోతుందో లేదో తేల్చాలి. అది మనోవైద్యుల పని. అంతకుముందు ‘బేజారు’, ‘దిగులు’ వంటి మాటల అర్థపరిధిని వయస్సు, వృత్తి, మాతృభాషల వారీగా నమోదు చేయడం తెలుగు శాఖలు చేయగల పని. మాండలిక పదసేకరణలో శిక్షణ పొందిన పరిశోధకులు దీనికి సహజంగా అర్హులు. ఆ నమోదు లేకుండా వేసిన మార్కులు బాధను కొలిచాయో, ప్రశ్న అర్థం కాకపోవడాన్ని కొలిచాయో చెప్పడం సాధ్యం కాదు.