ఉప్పుగాలి, తుప్పు, కాస్త పులుపు

సముద్రం దగ్గర కాపురం చేసేవాళ్లకి ఒక బాధ తప్పదు. విశాఖపట్నంలోనో, కాకినాడలోనో ఇల్లు తీసుకుని చూడండి! కొత్తగా బిగించిన కిటికీ గడియ ఏడాది తిరక్కుండానే ఎర్రబారుతుంది. ఇత్తడి తలుపు పిడికి పచ్చగా చిలుము పడుతుంది. సరిగ్గా తుడవడం లేదని పనిమనిషిని కోప్పడతాం. పాపం, తప్పు ఆమెది కాదు, గాలిది.

ఇనుముకి గాలీ తడీ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కదా, అది గడియ మీద పేరుకుని, తేమని పట్టి ఉంచి, తుప్పుని త్వరపెడుతుంది. రేవులో పడవ గొలుసుకి పట్టేదీ, మన గడియకి పట్టేదీ ఒకే తుప్పు. దాన్ని వదిలించే సరుకు మన వంటింట్లోనే ఉంది. అదే పులుపు.

మేకులు, కొక్కేలు, బోల్టుల వంటివైతే విప్పి, ముందు మంచినీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టండి. గాజు గిన్నెలో వెనిగరు పోసి, మునిగేలా రాత్రి వేసి ఉంచండి. పొద్దున పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే తుప్పు ఊడివస్తుంది. విప్పడానికి వీల్లేని గడియకి వెనిగరులో తడిపిన గుడ్డ చుట్టండి. అయితే పులుపు తుప్పుతో ఆగదు, అలాగే వదిలేస్తే ఇనుమునీ తింటుంది. కనుక తియ్యగానే వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండబెట్టి, కుట్టుమిషను నూనె పల్చగా రాయండి. నూనె మానేశారా, చూస్తుండగానే మళ్లీ ఎర్రబారుతుంది.

ఇత్తడికి చింతపండూ ఉప్పూ చాలు. రుద్ది వెంటనే కడిగెయ్యండి. ఎక్కువసేపు ఉంచితే ఇత్తడిలోని జింకు పోయి, రాగి రంగు తేలుతుంది. జింకు పూత ఉన్న బకెట్లకి మాత్రం పులుపు తగలనివ్వకండి, పూతే పోతుంది. ఇంకొక ముఖ్యమైన మాట. బ్లీచింగు పౌడరునీ వెనిగరునీ ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

ఇక మా ఇంట్లో జరిగింది చెబుతాను. పండక్కి పిల్లలు వస్తున్నారని వసారాలో ఉయ్యాల బల్ల కొక్కేలకి తుప్పంతా వదిలించి, తళతళలాడించి సంబరపడ్డాను. మా అత్తగారు తలెత్తి చూసి, "మెరుపు సరేనమ్మా, ఆ కొక్కెం నడుము అంత సన్నబడిందేం?" అన్నారు. స్టూలెక్కి చూద్దును కదా, వేలంత లావుండే కొక్కెం గొలుసు ఒరుసుకునే చోట పెన్సిలంత కూడా లేదు! ఆ పూటే కొత్తవి తెప్పించాం.

తుప్పు పైన అంటుకున్న మురికి కాదండీ. ఒకప్పటి ఇనుమే అలా మారింది. పులుపు దాన్ని వదిలిస్తుందే గాని, పోయిన బలాన్ని తెచ్చిపెట్టదు. గడియ సన్నబడితే గీరుకుంటూ వాడుకోవచ్చు. కాని మనిషి బరువు మోసేవి, ఉయ్యాల కొక్కెం, మేడ మెట్ల కమ్మీ, నిచ్చెన మేకు వంటివి, శుభ్రం చేశాక ఒకసారి చేత్తో తడిమి చూడండి. సన్నబడ్డా, గుంటలు పడ్డా మార్చెయ్యండి. ఆ నాలుగు రూపాయల దగ్గర పొదుపు వద్దు.

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)