మీకు తెలుసా? డీజిల్ కూడా పేరుకుంటుంది

ధనుర్మాసం చలికి సీసాలో కొబ్బరినూనె పేరుకుపోవడం నరసాపురంలో అందరూ చూసిందే. డీజిల్‌దీ అదే స్వభావం. మన చలి దానికి చాలదు, అంతే.

డీజిల్‌లో పారఫిన్ మైనం ఉంటుంది. వెచ్చగా ఉన్నంతసేపూ కరిగి కలిసిపోయి కంటికి కనబడదు. చలి ముదిరితే ముందు డీజిల్ మసకబారుతుంది. ఆ తరవాత మైనం సన్నటి పలుకులుగా విడిపోయి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా ఇంజన్‌కి చుక్క అందదు, బండి ఆగిపోతుంది. అంటే డీజిల్ గడ్డకట్టేదాకా కూడా ఆగక్కర్లేదు, అంతకు చాలా ముందే పని చెడుతుంది. ఆ మైనం మొత్తం తీసేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఇంజన్‌లో డీజిల్ తేలిగ్గా అంటుకోవడానికి ఎక్కువగా తోడ్పడేది అదే.

అందుకే మన దేశ ప్రమాణాల్లో డీజిల్‌కి రెండు కాలాలు ఉన్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అమ్మే డీజిల్ 6 డిగ్రీల చలిలోనూ ఫిల్టర్ దాటి పారాలి. మిగతా నెలల్లో 18 డిగ్రీల వరకూ పారితే చాలు. నరసాపురంలో జనవరి తెల్లవారుజామున కూడా 15 డిగ్రీలకు కిందికి దిగడం అరుదు కాబట్టి సఖినేటిపల్లి పంటుకైనా, చెరువుగట్టు మీది జనరేటర్‌కైనా ఈ బెడద లేదు. లంబసింగిలో మాత్రం కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి వెళ్తాయి. చలికాలపు డీజిల్‌కి ప్రమాణం హామీ ఇచ్చేది 6 డిగ్రీల వరకే. వేసవిలో పోయించి డ్రమ్ములో మిగిల్చిన డీజిల్‌కి ఆ హామీ కూడా ఉండదు. అలాంటి డీజిల్‌తో డిసెంబరులో లంబసింగి ఘాట్ ఎక్కకపోవడమే మంచిది.

లదాఖ్, కార్గిల్, కాజా వైపు కథ వేరు. అక్కడ మైనస్ 30 డిగ్రీల చలి ఉంటుంది. చాలాకాలం డ్రైవర్లు ట్యాంకు కింద మంట పెట్టి డీజిల్ కరిగించుకునేవారు. తలుచుకుంటేనే గుండె జారే పని అది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ అక్కడి కోసం ప్రత్యేకంగా మైనస్ 33 డిగ్రీల వరకూ పారే శీతాకాలపు డీజిల్ తెచ్చింది. తొలి సరుకు పానిపట్ రిఫైనరీలో తయారైంది. చలి దేశాల్లో మరో ఉపాయం కూడా వాడతారు: డీజిల్‌లో కలిపే మందు. అది మైనాన్ని కరిగించదు. పలుకులు పెద్దవై ఒకదానికొకటి అల్లుకోకుండా చూస్తుంది, చిన్నవిగా ఉంచి ఫిల్టర్ దాటనిస్తుంది. డీజిల్ ఇంకా తేటగా ఉండగానే కలపాలి. పేరుకున్నాక పోస్తే ఉపయోగం ఉండదు.

మన గోదావరి జిల్లాల చలికి కూడా పేరుకోగల ఇంధనం ఒకటుంది: పామాయిల్ బయోడీజిల్. పామాయిల్‌లో సుమారు 44 శాతం తేలిగ్గా పేరుకునే పామిటిక్ ఆమ్లం. ఆ కారణంగా దాంతో చేసిన బయోడీజిల్ 13 నుంచి 16 డిగ్రీల దగ్గరే మసకబారుతుంది. కాకినాడలో 2008లో మొదలైన బయోడీజిల్ కర్మాగారం పామ్ స్టియరిన్‌ని కూడా ముడిసరుకుగా వాడింది. స్టియరిన్ అంటే పామాయిల్‌లోని గట్టి భాగం, కాబట్టి దాని బయోడీజిల్ ఇంకా తొందరగా పేరుకుంటుంది. మామూలు డీజిల్‌లో కొద్ది శాతం కలిపి వాడితే మన వాతావరణంలో ఇబ్బంది ఉండదు.

మన దగ్గర ఫిల్టర్లు మూసుకుపోయాయంటే అనుమానించాల్సింది మైనాన్ని కాదు, నీటిని. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి తేమగాలి చేరి, రాత్రి చల్లదనానికి లోపలి గోడల మీద నీరై అడుగుకి దిగుతుంది. నీరూ డీజిలూ కలిసే చోట బ్యాక్టీరియా, బూజు పెరిగి నల్లటి జిగురవుతుంది. ఫిల్టర్‌కి అడ్డం పడేది ఆ జిగురే. దాన్ని చూసి డీజిల్ కల్తీ అయిందనుకుని బంకువాళ్లతో తగాదా పడేవాళ్లూ ఉంటారు. రొయ్యల చెరువు మీద జనరేటర్ మొరాయించి ఏరియేటర్లు ఆగితే గంటల్లో పంట పోతుంది. జనరేటర్ ట్యాంకు నిండుగా ఉంచండి, ఫిల్టర్ అడుగున ఉండే మర తిప్పి అప్పుడప్పుడూ నీరు వంపేయండి, డ్రమ్ములో డీజిల్ నెలల తరబడి నిలవ పెట్టకండి.